కొత్త స్కేటు చేప దొరికిందని రాసిన అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

విశాఖ ఫిషింగ్ హార్బరులో ట్రాలరు నుంచి దించిన చేపల్లో, మన వైపు నువ్వెన్నడూ చూడని స్కేటు, అంటే టేకు చేపలా చదునుగా ఉండే చేప, ఒకటి కనిపించిందని రాశావు. చాలా సంతోషమమ్మా. పేరు పెట్టే తొందర మాత్రం కొన్నాళ్లు పక్కన పెట్టు. చేపను దాచిపెడితే ఎప్పుడైనా మళ్లీ కొలవవచ్చు గాని, అది ఏ నీళ్లలో పడిందో ఆ రోజే అడగకపోతే ఇక తెలియదు.

అందుకే ముందుగా బోటు డ్రైవరు దగ్గర కూర్చో. రోజుల తరబడి వేటలో ఉండే ట్రాలర్లు ఒడిశా వైపు దూరం పోయి వస్తాయి కనుక, విశాఖలో దిగినంత మాత్రాన అది విశాఖ నీళ్ల చేప అని రాయకూడదు. వల వేసిన చోటు జీపీఎస్‌లో ఉంటే ఆ అంకెలు ఎత్తి రాసుకో. లోతు ఆయన బారల్లో చెబితే బారల్లోనే రాసి, మీటర్ల లెక్క పక్కన వేసుకో. గుర్తు లేదంటే గుర్తు లేదనే రాయి.

ఇక తోక సంగతి. టేకు చేపల తోకలోని విషపు ముల్లు గుచ్చుకుంటుందన్న భయంతో మనవాళ్లు తోక కోసి పారేస్తారు. స్కేటుకు ఆ విషపు ముల్లు ఉండదు; తోక చివరి భాగాన రెండు చిన్న వీపు రెక్కలు, పొడవునా గరుకు ముళ్లు ఉంటాయి, గుర్తుపట్టడంలో సగం పని అక్కడే. ఒకసారి నేను లేబులు రాయడానికి అటు తిరిగేలోపు కత్తి పడింది, ఆ నమూనాకు నేటికీ పేరు లేదు.

రంగు ఐసులో త్వరగా మారుతుంది కాబట్టి పైవైపు, అడుగువైపు రెండూ స్కేలు పక్కన పెట్టి అప్పటికప్పుడే ఫోటో తీయి. పొడవు, వెడల్పు ఒంటి వంపు మీదుగా కాక తిన్నగా కొలవాలి. మగదైతే రెక్కల అంచు దగ్గర వేలితో మెల్లగా తడిమి చూడు, ఎదిగిన మగచేపకు అక్కడ కొక్కేల్లాంటి ముళ్లు తగులుతాయి. ఆడ, మగ, పిల్ల చేపల ముళ్లు ఒకలా ఉండవు కనుక ఒక్క చేపను చూసి కొత్త జాతి అనకూడదు.

నమూనా కుళ్లకుండా ఉంచే ఫార్మలిన్ ద్రావణంలో వేయకముందే చిన్న కండముక్క కోసి గాఢమైన ఆల్కహాలులో ఉంచు, ఫార్మలిన్‌లో వేశాక డీఎన్‌ఏ తీయడం చాలా కష్టం. ఫార్మలిన్ ఒక పాలు, నీళ్లు తొమ్మిది పాళ్లు. పొట్టలోకి సూదితో కూడా ఎక్కించి, పళ్లెంలో చదునుగా పరిచి ఉంచు, లేకపోతే రెక్కలు ముడుచుకుపోతాయి. డీఎన్‌ఏ వరుస ఏదో పాత నమూనాతో సరిపోయిందని వెంటనే నమ్మకు, ఆ పాత నమూనాకు పేరు పెట్టినవారు పొరబడి ఉండవచ్చు. ఐరోపాలో 1926లో రెండు స్కేటు జాతులను ఒకటిగా కలిపేస్తే, అవి వేరని 2010లో గాని తేల్చలేదు. ఇన్నేళ్లూ ఒకే పేరు కింద లెక్కించడంతో, వాటిలో పెద్ద జాతి ఎంతగా తగ్గిపోయిందో మరుగున పడిపోయింది.

నమూనాను నీ బీరువాలో దాచుకోకుండా, జంతు నమూనాలు భద్రపరిచే ప్రభుత్వ సంగ్రహాలయానికి అప్పగించు. వారి రిజిస్టరు నంబరు చేతికి వచ్చాక నీ వ్యాసం పంపు, వరుసగా చదివి పెడతాను.