సోలార్ సందేహాలు: ఒక్క ప్యానెల్‌తో 48 వోల్ట్ బ్యాటరీకి చార్జింగ్ ఎక్కుతుందా?

ప్రశ్న: అన్నా, మాది అనంతపురం జిల్లా నార్పల మండలం, చీనీ తోట ఉంది. షెడ్డు మీద 330 వాట్ల ప్యానెల్ ఒకటి ఊరికే పడి ఉంది. మా తమ్ముడు కాయలు రోడ్డు దాకా తోలడానికి బ్యాటరీ ఆటో కొన్నాడు, దాంట్లో 12 వోల్ట్‌వి నాలుగు లెడ్ యాసిడ్ బ్యాటరీలు, 100 ఏహెచ్‌వి. టౌన్‌లో షాపాయన ఒక ప్యానెల్‌తో 48 వోల్ట్‌కి కాదు, రెండు కావాలంటాడు. ఆన్‌లైన్లో చూస్తే బూస్ట్ కంట్రోలర్ అని ఉంది, ఒక్క ప్యానెల్‌తోనే 72 వోల్ట్ దాకా ఎక్కిస్తాదంట, 600 వాట్స్ అని రాసినారు. నిజమేనా, కొనొచ్చా?

జవాబు: తమ్ముడూ, షాపాయన చెప్పింది ఆయన దగ్గరున్న కంట్రోలర్ల వరకు, అంటే ప్యానెల్‌కీ బ్యాటరీకీ మధ్య పెట్టే చార్జింగ్ బాక్సుల వరకు కరెక్టే. నువ్వు చూసింది కూడా నిజమే. ఎందుకో తెలియాలంటే ముందు ప్యానెల్ తిరగేసి వెనక స్టిక్కర్ చూడు. 330 వాట్ల 72 సెల్స్ ప్యానెల్ అయితే వీఎంపీ అని 37, 38 దగ్గర ఒక నంబర్ ఉంటుంది, అది పని చేసేటప్పుడు ఇచ్చే వోల్టేజ్. వీఓసీ అని 46 దగ్గర ఇంకో నంబర్ ఉంటుంది, అది ఏమీ కలపనప్పుడు ఉండే వోల్టేజ్. ఐఎంపీ అంటే పని చేసేటప్పుడు ఇచ్చే కరెంటు, అది దాదాపు 8.8 ఆంప్స్. ఇప్పుడు నీ బ్యాటరీ సంగతి. పేరుకి 48 కానీ ఫుల్ చార్జ్ కావాలంటే ఒక్కోదానికి 14.4 చొప్పున నాలుగుకి 57.6 వోల్ట్స్ కావాలి. 37 ఇచ్చే ప్యానెల్ 57కి ఎట్లా తోస్తుంది?

మామూలు ఎంపీపీటీ (ప్యానెల్ నుంచి వీలైనంత ఎక్కువ పవర్ లాగే రకం) కంట్రోలర్లు దాదాపు అన్నీ వోల్టేజ్ దించే రకం, బక్ అంటారు. ప్యానెల్ ఎప్పుడూ బ్యాటరీ కంటే పైన ఉండాలి, విక్ట్రాన్ కంపెనీ కంట్రోలర్లయితే స్టార్ట్ కావడానికి బ్యాటరీ కంటే 5 వోల్ట్స్ ఎక్కువ ఉండాలని మాన్యువల్‌లోనే రాసి ఉంటుంది. బూస్ట్ దీనికి రివర్స్. లోపల రాగి వైరు చుట్టిన కాయిల్ ఒకటి, దాన్ని సెకనుకి వేల సార్లు ఆన్ ఆఫ్ చేసే స్విచ్, కరెంటు వెనక్కి రాకుండా ఒక డయోడ్. స్విచ్ ఆన్‌లో ఉన్నప్పుడు కాయిల్‌లో శక్తి నిండుతుంది, ఆఫ్ అయినప్పుడు అది ప్యానెల్ వోల్టేజ్‌కి తోడై బ్యాటరీలోకి పోతుంది, అట్లా 37 కాస్తా 57 అవుతుంది.

కానీ వోల్టేజ్ పెరిగిందని పవర్ పెరగదు. మన బోరు మోటారే చూడు, అదే మోటారుతో నీళ్లు ఇంకా పైకి ఎక్కించాలంటే ధార తగ్గిపోతుంది, ఇదీ అంతే. మన ఎండకి ప్యానెల్ సెల్స్ 65, 70 డిగ్రీల దాకా వేడెక్కుతాయి, 330 అని రాసిన ప్యానెల్ మిట్ట మధ్యాహ్నం 275, 280 వాట్స్ ఇస్తే గొప్ప. బూస్ట్‌లో ఇంకో 5 నుంచి 8 శాతం పోతుంది. మిగిలిన 255 వాట్స్‌ని 54 వోల్ట్స్‌తో భాగిస్తే నాలుగున్నర, ఐదు ఆంప్స్ మధ్య, అంతే వస్తుంది బ్యాటరీకి. రోజంతా కలిపితే యూనిట్ పైచిలుకు. నీ బ్యాటరీ మొత్తం 48 వోల్ట్స్ ఇంటూ 100 ఏహెచ్, అంటే 4.8 యూనిట్లు, పైగా లెడ్ యాసిడ్ తాను తిన్నదంతా తిరిగి ఇవ్వదు. అంటే ఒక రోజు ఎండకి బ్యాటరీలో పావు వంతు కంటే కొంచెం తక్కువే అనుకో.

అది చాలా చాలదా అనేది నువ్వే చూసుకోవాలి. తోట నుంచి రోడ్డుకి కాయల సీజన్లో నాలుగు ట్రిప్పులు, మిగతా రోజుల్లో బండి నిలబడే ఉంటుందంటే బూస్ట్ పెట్టుకో, ఉన్న ప్యానెల్ పనికొస్తుంది. రోజూ టౌన్‌కి తిరిగే బండి అయితే మాత్రం నా మాట విను, ఇంకో ప్యానెల్ అదే రకంది కొని రెండూ సిరీస్‌లో (ఒకదాని ప్లస్ ఇంకోదాని మైనస్‌కి) కలిపి మామూలు బక్ ఎంపీపీటీ పెట్టు. రెండు కలిస్తే వీఓసీ 92 అవుతుంది, చలికాలం తెల్లవారుజామున ఇంకో మూడు నాలుగు శాతం పెరుగుతుంది కాబట్టి 100 వోల్ట్ కంట్రోలర్ అంచు మీద ఉంటుంది, 150 వోల్ట్‌ది తీసుకుంటే నిశ్చింత.

600 వాట్స్ అన్న మాట గురించి. ఇలాంటి బాక్సులకి అసలు లిమిట్ ఇన్‌పుట్ ఆంప్స్‌లో ఉంటుంది. 10 ఆంప్స్ లిమిట్ అనుకో, 60 వోల్ట్స్ ఇన్‌పుట్ ఇస్తేనే 600 వాట్స్, నీ 37 వోల్ట్స్‌కి 370, అదే 18 వోల్ట్స్ ఇచ్చే చిన్న ప్యానెల్ అయితే 180తో సరి. నీ ప్యానెల్ 8.8 ఆంప్స్‌ది కాబట్టి సరిపోతుంది, కానీ ఎవరైనా ఇప్పటి 540 వాట్స్ ప్యానెల్ పెడితే దాని కరెంటే 13 ఆంప్స్, ఈ బాక్సుకి అది ఎక్కువ.

సెట్టింగ్ ఇంకా ముఖ్యం. తక్కువ రేటు బూస్ట్ బాక్సులు చాలావాటిలో మూడు స్టేజీల చార్జింగ్ (నిండాక వోల్టేజ్ తనే తగ్గించుకునేది) ఉండదు, నువ్వు పెట్టిన వోల్టేజ్ దగ్గర ఎండ ఉన్నంతసేపు పట్టుకుని కూర్చుంటాయి. 57.6 పెట్టి బండి వారం రోజులు వదిలేస్తే బ్యాటరీలో నీళ్లు ఆవిరైపోతాయి, ప్లేట్లు పాడైపోతాయి. ఇంకోటి, 57.6 అనేది 25 డిగ్రీల లెక్క, షెడ్డులో 40 డిగ్రీలుంటే ఒకటి ఒకటిన్నర వోల్ట్ తగ్గించాలి. ఎండాకాలం 56.4 దగ్గర పెట్టు, బండి ఎక్కువ రోజులు నిలబడేటట్టయితే 54 లోపు పెట్టు, నెలకోసారి మూతలు తీసి డిస్టిల్డ్ వాటర్ చూసుకో. స్క్రీన్ మీద నంబర్ నమ్మకుండా మల్టీమీటర్ బ్యాటరీ టెర్మినల్ మీదే పెట్టి కొలువు, అర వోల్ట్ తేడా ఉన్న బాక్సులు నేను చూసినాను.

ప్రశ్న: నమస్తే అన్నయ్యా, ప్రొద్దుటూరు నుంచి రాస్తున్నాను. మా అబ్బాయి కాలేజీకి 36 వోల్ట్ లిథియం ఈ-సైకిల్ మీద పోతాడు, 10 ఏహెచ్ బ్యాటరీ. మిద్దె మీద పాత 330 వాట్స్ ప్యానెల్ ఉంది. బూస్ట్ కంట్రోలర్ పెడితే గంటలో నిండిపోతుంది కదా అంటున్నాడు. పెట్టనివ్వమంటారా?

జవాబు: వద్దమ్మా, ఆ ప్యానెల్‌కి బూస్ట్ అసలు పెట్టనివ్వద్దు. ఇది ఈసారి ఉత్తరాలన్నిటిలో నన్ను ఎక్కువ భయపెట్టిన ప్రశ్న, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నా.

36 వోల్ట్ లిథియం అంటే లోపల పది సెల్స్ వరసగా ఉంటాయి, ఒక్కోటి 4.2 చొప్పున ఫుల్ అయితే 42 వోల్ట్స్. మీ ప్యానెల్ వీఓసీ 46. బూస్ట్ సర్క్యూట్‌లో ప్యానెల్ నుంచి కాయిల్, డయోడ్ మీదుగా బ్యాటరీకి నేరుగా దారి ఉంటుంది. స్విచ్ పని చేస్తే వోల్టేజ్ పెరుగుతుంది, స్విచ్ ఆపేస్తే పెరగడం ఆగుతుంది, అంతేగానీ దారి మూసుకోదు. ప్యానెల్ వోల్టేజ్ బ్యాటరీ కంటే తక్కువ ఉన్నంతవరకు ఏ ఇబ్బందీ లేదు, డయోడ్ అడ్డం ఉంటుంది. ప్యానెల్ ఎక్కువైతే మాత్రం కంట్రోలర్ ఫుల్ అని చూపిస్తూనే ఉంటుంది, కరెంటు పోతూనే ఉంటుంది. చాలా బాక్సుల్లో దాన్ని కట్ చేసే ఇంకో స్విచ్ ఉండదు. అప్పుడు మిగిలేది సైకిల్ బ్యాటరీలో ఉండే బీఎంఎస్, అంటే సెల్స్‌ని కాపాడే సర్క్యూట్ ఒక్కటే, అది కూడా ఫెయిలైతే లిథియం ఓవర్‌చార్జ్ అయి మంట అంటుకునే దాకా పోవచ్చు. ఇంట్లో, మెట్ల కింద పెట్టే సైకిల్ అది.

బూస్ట్ కొనేటప్పుడు చూడాల్సిన మొదటి లెక్క ఇదే: ప్యానెల్ వీఓసీ, చలికాలం పెరిగే మూడు నాలుగు శాతం కలిపి కూడా, బ్యాటరీ ఫుల్ వోల్టేజ్ కంటే బాగా కిందుండాలి. పైన నార్పల తమ్ముడికి 46కి 57 కాబట్టి సరిపోయింది, మీకు 46కి 42 కాబట్టి కుదరదు.

బాబుకి సోలార్ మీద మనసుంటే 100 వాట్స్‌ది, 36 సెల్స్ చిన్న ప్యానెల్ తీసుకోండి. దాని వీఓసీ 22 దగ్గర ఉంటుంది, దానికి బూస్ట్ చక్కగా సరిపోతుంది. బ్యాటరీ 360 వాట్ అవర్స్, ఆ ప్యానెల్ మన ఎండకి ఒక రోజులో దాదాపు నింపేస్తుంది, కరెంటు రెండు ఆంప్స్ దగ్గరే ఉంటుంది కాబట్టి సెల్స్ వేడెక్కవు. వోల్టేజ్ 42 కాకుండా 41.5 పెట్టమనండి, బ్యాటరీ ఎక్కువ కాలం మన్నుతుంది. చార్జింగ్ పోర్టు ద్వారానే ఇవ్వాలి, మోటారుకి పోయే వైర్లకి కలపకూడదు, చాలా ప్యాకుల్లో ఆ దారిలో ఓవర్‌చార్జ్ కాపలా ఉండదు. గంటలో నిండాలన్న ఆశ మాత్రం వదులుకోమనండి.

ప్రశ్న: సార్ నేను ఆదోనిలో ఈ-ఆటో నడుపుతా, లిథియం ఫాస్ఫేట్ బ్యాటరీ 51.2 వోల్ట్. టాప్ మీద ప్యానెల్ పెట్టి బూస్ట్ తో నడుస్తా నడుస్తా చార్జ్ చేసుకోవాలని ఉంది. తెలిసినాయన పెట్టిస్తే రెండో నెలకే కంట్రోలర్ పోయింది, మోటారు కంట్రోలర్ కూడా పోయింది. ఎందుకయి ఉంటాది?

జవాబు: ఆ బాక్సు చూడకుండా ఖచ్చితంగా చెప్పలేను గానీ ఇలాంటిదే ఒకటి కర్నూలులో రిపేర్ షాపులో విప్పి ఉండగా చూసినాను. అవుట్‌పుట్ వైపు కెపాసిటర్ (కరెంటు కాసేపు నిల్వ పట్టే చిన్న డబ్బా) మీద 63 వోల్ట్స్ అని రాసి ఉంది, దాని పైభాగం పూరీలా ఉబ్బి, పక్కన బోర్డు మీద గోధుమ రంగు మరక. బండి నడుస్తుండగా బీఎంఎస్ చార్జింగ్ కట్ చేస్తే, లేదా కనెక్టర్ ఊడిపోతే, కాయిల్‌లో ఉన్న శక్తికి పోవడానికి బ్యాటరీ ఉండదు. బూస్ట్‌లో ఆ క్షణం వోల్టేజ్ ఎగురుతుంది, బాక్సు ఓవర్‌వోల్టేజ్ కట్ మంచిది కాకపోతే కెపాసిటర్లు, అదే లైన్ మీదున్న మోటారు కంట్రోలర్ రెండూ దెబ్బతింటాయి. బక్‌లో ఈ రిస్క్ ఇంత ఉండదు.

మీది 16 సెల్స్, ఫుల్ వోల్టేజ్ 58.4. అక్కడ పెడితే బీఎంఎస్ కట్ అయ్యే అంచుకి పోతుంది. 56.8 దగ్గర పెట్టండి, బ్యాటరీ 95 శాతం పైనే నిండుతుంది, బీఎంఎస్ కట్ దాకా పోదు. కలిపేటప్పుడు ముందు బ్యాటరీ, తర్వాత ప్యానెల్, తీసేటప్పుడు ముందు ప్యానెల్, ఇది మర్చిపోవద్దు. ప్యానెల్ లైన్లో ఒక డీసీ ఎంసీబీ పెట్టించుకుంటే ఆ వరస ఈజీ. ఇంట్లో వాడే ఏసీ ఎంసీబీ పెట్టొద్దు, డీసీలో లేచిన మంట దాంట్లో ఆరదు. బ్యాటరీ వైపు ఫ్యూజ్ బ్యాటరీకి వీలైనంత దగ్గర. కొన్ని కంపెనీ ప్యాకులు సొంత చార్జర్‌తో తప్ప చార్జింగ్ తీసుకోవు, తీసుకున్నా వారంటీ పోతుంది, డీలర్‌ని అడగకుండా వైర్ కట్ చేయొద్దు.

ఇంకో మాట, టాప్ మీద పట్టేది రెండు మూడు వందల వాట్స్, అది కూడా పడుకోబెట్టిన ప్యానెల్, ఎల్లప్పుడూ దుమ్ము. రోజుకి అర యూనిట్ నుంచి యూనిట్ దాకా వస్తుంది. మధ్యాహ్నం స్టాండులో నీడ కోసం చెట్టు కింద పెడితే అది కూడా రాదు.

ప్రశ్న: ప్యానెల్ మిద్దె మీద, బ్యాటరీ కింద వరండాలో, వైరు 20 మీటర్లు. బూస్ట్ బాక్సు పైన పెట్టాలా కింద పెట్టాలా? — కోడుమూరు

జవాబు: లెక్క ప్రకారం పైన పెడితే వైరు నష్టం తక్కువ, ఎందుకంటే బూస్ట్ అయ్యాక వోల్టేజ్ ఎక్కువ, కరెంటు తక్కువ. కానీ మన మిద్దెల మీద మే నెలలో బాక్సు పెడితే అది ఎక్కువ కాలం ఉండదు, పైగా అది బ్యాటరీ వోల్టేజ్ తన టెర్మినల్ దగ్గరే కొలుస్తుంది. కింద, నీడలో, బ్యాటరీకి దగ్గర పెట్టి వైరు మందంగా వేయండి. 4 స్క్వేర్ ఎంఎం రాగి వైరు రానూ పోనూ 40 మీటర్లకి 9 ఆంప్స్ దగ్గర దాదాపు 1.7 వోల్ట్స్ తింటుంది. 37 వోల్ట్ ప్యానెల్‌కి అది నాలుగైదు శాతం, 6 స్క్వేర్ వేస్తే మూడుకి వస్తుంది. అదే 9 ఆంప్స్ ఇచ్చే 18 వోల్ట్ ప్యానెల్ అయితే ఆ 1.7 తొమ్మిది శాతం పైనే, అప్పుడు ఇంకా మందం వేయాలి.

ప్రశ్న: ట్రాక్టర్ 12 వోల్ట్ బ్యాటరీ నుంచి బూస్ట్ సోలార్ కంట్రోలర్‌తో 48 వోల్ట్ బ్యాటరీ చార్జ్ చేయొచ్చా? ప్యానెల్ లేదు. — మైదుకూరు

జవాబు: చేయొద్దు. సోలార్ కంట్రోలర్ ప్యానెల్ ఎంత ఇవ్వగలదో వెతుక్కుంటూ కరెంటు పెంచుకుంటూ పోతుంది, ప్యానెల్ అయితే ఒక దగ్గర వోల్టేజ్ పడిపోయి ఆపుతుంది, బ్యాటరీ ఎంత లాగినా ఇస్తూనే ఉంటుంది. కంట్రోలర్ తన లిమిట్ దాకా పోయి కాలుతుంది, లేదంటే ట్రాక్టర్ బ్యాటరీ ఖాళీ అవుతుంది. కరెంటు సెట్ చేసుకునే డీసీ టు డీసీ చార్జర్లు వేరే ఉంటాయి, అది తీసుకోండి, ఇంజన్ ఆన్‌లో ఉన్నప్పుడే వాడండి.