డాక్టరు చీటీలో ‘యాబ్సెస్’ అని రాస్తే కోత తప్పదా?

మీ అత్తగారి వీపు మీద లేచిన గడ్డకు వైద్యుడు ‘యాబ్సెస్’ అని రాసి, కోసి చీము తీయాలన్నారని, అది మామూలు సెగగడ్డే అయితే మందులతో తగ్గదా అని అడిగారు.

యాబ్సెస్ అంటే చీముగడ్డ. కొవ్వుగడ్డకు గానీ, ఇంకా చీము పట్టకుండా ఎర్రగా పాకే వాపుకు గానీ వైద్యులు ఈ మాట వాడరు. లోపల గోడ కట్టుకుని దాని మధ్య చీము నిలిచిందని తేలినప్పుడే వాడతారు. సెగగడ్డ కూడా వెంట్రుక కుదురులో పుట్టే చిన్న చీముగడ్డే. అలాంటివి కొన్ని పక్కపక్కనే లేచి, అడుగున కలిసిపోయి, పైన నాలుగైదు నోళ్లు తెరుచుకుంటే దాన్నే పెద్దవాళ్లు రాచపుండు అనేవారు. పంటి వేరు కొసనా, ఊపిరితిత్తిలోనూ, కాలేయంలోనూ చీము చేరినా చీటీలో రాసేది ఇదే మాట కనుక, ఏ అవయవానిదో కూడా చూసి చదువుకోవాలి. కాలేయంలో అమీబా వల్ల వచ్చే చీముగడ్డ చాలామందికి మందులతోనే తగ్గుతుంది. చర్మం కింద పండిన గడ్డ సంగతి వేరు.

కవిటి మండలంలో ఉండే మా పెదనాన్నగారికి మెడ వెనక ఇలాంటిదే లేచినప్పుడు, పక్కింటి మామ్మ “కోతేటి బావూ, ఆకు కట్టేత్తే అదే పగిలిపోద్ది” అంది. గడ్డ పచ్చిగా ఉన్నప్పుడు శుభ్రమైన గుడ్డతో వేడి కాపడం పెడితే ఉపశమనం కలిగే మాట నిజమే, కానీ ఆయనది అప్పటికే ఆ దశ దాటిపోయింది. శ్రీకాకుళంలో చూపించినప్పుడు శస్త్రవైద్యుడు రెండు చూపుడువేళ్లు గడ్డకు అటూ ఇటూ ఆనించి, ఒక వేలితో నొక్కుతూ రెండో వేలి కింద ద్రవం కదలుతోందా అని చూశారు. పచ్చిదో పండిందో తేల్చుకున్నాకే కత్తి పట్టాలని సుశ్రుతుడి కాలం నుంచీ ఉన్న నియమమే అది.

మందు ఎందుకు చాలదో కూడా ఆయనే చెప్పారు. చీము నిలిచిన గుంటలోకి రక్తనాళాలు పోవు కనుక, మింగిన యాంటీబయోటిక్ గోడ దాకా వచ్చినా లోపలికి తగినంతగా చేరదు. అక్కడ ఆమ్లగుణం ఎక్కువ కావడం వల్ల మత్తు సూది కూడా పూర్తిగా పట్టదు, అందుకే కోసేటప్పుడు పెదనాన్న పళ్లు బిగబట్టుకుని మంచం పట్టీని గట్టిగా పట్టుకున్నారు. చీము పోగానే ఆ సలుపు తగ్గిపోయింది. అసలు ఓపిక కావలసింది ఆ తర్వాతే. పైచర్మం ముందే అతుక్కుంటే అడుగున మళ్లీ చీము చేరుతుందని గుంటలో పొడవాటి గాజ్ గుడ్డ కూరి, మార్చినప్పుడల్లా కాస్త తక్కువ కూరుతూ, పుండును అడుగు నుంచి మాననిచ్చారు.

మన జిల్లావాళ్లకు ప్రత్యేకంగా చెప్పవలసింది నొప్పి మాత్రల గురించి. గడ్డ సలుపుకు మందుల షాపులో అడిగి డైక్లోఫినాక్, ఎసిక్లోఫినాక్ వంటివి రోజూ మింగడం కిడ్నీలకు చేటు. ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎంతగా ఉందో తెలిసి కూడా జనం ఆ మాత్రలు మానకపోవడం నాకు ఆశ్చర్యమే. పెదనాన్నకు వైద్యుడు ముందు కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష చూసి, పారాసిటమాల్ మాత్రమే రాశారు.

చలిజ్వరం వచ్చినా, ఎరుపు గడ్డ చుట్టూ పాకుతున్నా ఆ రోజే ఆసుపత్రికి తీసుకువెళ్లండి. ఇంట్లో పిన్నీసుతో పొడవడం, పిండడం వద్దు. ముక్కు మీదా, పై పెదవి మీదా లేచినవాటిని అసలు ముట్టుకోకూడదు, అక్కడి రక్తనాళాల దారిన ఇన్ఫెక్షన్ మెదడు వైపు పోయే ప్రమాదం ఉంది. మీ అత్తగారికి షుగర్ పరీక్ష జరిగిందో లేదో మీరు రాయలేదు. మా పెదనాన్నకు షుగర్ ఉన్న సంగతి ఆ గడ్డ వల్లనే బయటపడింది కాబట్టి, జరగకపోతే కోతకు ముందే అడిగి చేయించండి.