ఆ టికెట్ మీద మీ చెల్లిని ఇండియాకి రానివ్వకండి

మీరు అడిగింది ఇదీ: చెల్లి న్యూజెర్సీలో హెచ్-4 (భర్త ఉద్యోగ వీసా మీద ఆధారపడి భార్యకి ఇచ్చే వీసా) మీద ఉంది, భర్త కొడుతున్నాడు, పాస్‌పోర్టు తన దగ్గరే పెట్టుకున్నాడు, విడాకులు తీసుకుంటే వీసా పోతుంది కదా, మరి ఆమెకి అక్కడ ఏం దారులున్నాయి అని. చివర్లో ఇంకో మాట రాశారు. "ప్రస్తుతానికి ఇద్దర్నీ పిల్లాడితో సహా ఇండియాకి రమ్మని పెద్దల్లో కూర్చోబెట్టి మాట్లాడదాం అనుకుంటున్నాం, టికెట్లు బావగారే వేస్తానన్నారు" అని. దారుల గురించి చెప్తాను. కానీ ముందు ఆ చివరి మాటకే జవాబు చెప్పాలి. వద్దు. ఆమెని ఆ విమానం ఎక్కనివ్వకండి.

నేను డాలస్ దగ్గర ఉంటాను. నేనూ హెచ్-4 మీదే వచ్చాను. నా కథంతా ఇక్కడ రాయను, ఒక్క సంగతి మాత్రం రాస్తాను.

మా మరిది గృహప్రవేశం ఉంది, అందరం వెళ్దాం అన్నాడు మా ఆయన. అంతకు ముందు నెలల్లో ఇంట్లో జరిగినదాన్ని బట్టి చూస్తే ఆ ప్రేమ నాకు కొత్తగా అనిపించింది. టికెట్లు తనే బుక్ చేశాడు. పాపకి విమానంలో పిల్లల భోజనం చెప్పాలని ట్రావెల్ ఏజెంట్‌కి ఫోన్ చేశాను. ఆయన తెలుగాయనే, మర్యాదగా మాట్లాడాడు. వివరాలు చదివి వినిపిస్తూ, "సార్‌కి రిటర్న్‌లో కూడా పెట్టాలా మేడమ్, మీకూ పాపకూ రిటర్న్ లేదు కదా" అన్నాడు. ఆయనకి అందులో తప్పేమీ కనపడలేదు. నేను థ్యాంక్స్ చెప్పి పెట్టేశాను. స్టవ్ మీద పాలు పొంగిపోతున్నా కదల్లేకపోయాను.

రాత్రి అడిగాను. "అక్కడ కొన్నాళ్ళుండి రా, మనసు కుదుటపడుతుంది" అన్నాడు. నేను రానన్నాను. వెంటనే ఫోన్లు మొదలయ్యాయి. శనివారం రాత్రి కాన్ఫరెన్స్ కాల్ పెట్టారు. అటువైపు మా అత్తగారు, వాళ్ళ పెద్ద మామయ్య, మా నాన్న, మా బాబాయ్, పెళ్ళి కుదిర్చిన ఆయన. ఇటువైపు నేనూ, నా పక్కనే అతనూ, మధ్యలో స్పీకర్‌లో ఫోనూ. "ఏం కష్టమొచ్చిందో చెప్పమ్మా, భయపడకు" అన్నారు మామయ్యగారు. చెయ్యెత్తిన మనిషి జానెడు దూరంలో కూర్చుని వింటుంటే ఏం చెప్తుంది ఎవరైనా? ఫోన్ పెట్టేశాక ఆ ఇంట్లో మిగిలేది మేమిద్దరమే కదా. ఈ సంగతి ఆ పెద్దలకి ఎందుకు తట్టదో నాకు ఈ రోజుకీ అర్థం కాదు. మీరూ అలాంటి కాల్ పెట్టి ఉంటే ఇక పెట్టకండి. ఆమెతో ఆమె ఒక్కతే ఉన్నప్పుడు మాట్లాడండి.

మా బాబాయ్ మంచివాడు. "ముందు బయల్దేరి రామ్మా, నువ్వొస్తే అన్నీ మేం చూసుకుంటాం" అన్నాడు. నేను ఒక్కటే అడిగాను: "బాబాయ్, నాకూ పాపకూ రిటర్న్ టికెట్ ఎందుకు లేదో ఆయన్ని అడుగు." కాసేపు ఎవరూ మాట్లాడలేదు. "టికెట్‌దేముందమ్మా, ఎప్పుడైనా వేసుకోవచ్చు" అన్నారు మామయ్యగారు. అప్పుడు మా అమ్మ గొంతు వినపడింది. ఆ కాల్‌లో ఆమెని ఎవరూ పిలవలేదు, నాన్న పక్కన నిలబడి వింటోందంతే. ఫోన్ లాక్కుని, "నువ్వు రావద్దు, అక్కడే ఉండు" అంది. అల్లుడి ఎదుట అమ్మ గొంతు పెంచడం నేను వినడం అదే మొదలు.

ఆ ఒక్క మాటతో నేను ఆగిపోయాను. ఆగడం వల్లే ఈ రోజు నాకంటూ ఉద్యోగం, నా పేరు మీద వీసా ఉన్నాయి, పాప నా దగ్గర ఉంది. నాలాగే రిటర్న్ లేకుండా వెళ్ళిన ఇద్దరు ముగ్గురు నాకు తెలుసు. వాళ్ళలో ఎవరూ తిరిగి రాలేకపోయారు.

ఎందుకు రాలేరంటే, తిరిగి రావడానికి హెచ్-4 స్టాంపింగ్ (కాన్సులేట్‌లో పాస్‌పోర్టు మీద వేసే వీసా ముద్ర) కావాల్సొస్తే అతని ఐ-797 (వీసా మంజూరైందని ఇచ్చే నోటీసు) కావాలి, అతని ఉద్యోగం కాగితాలు కావాలి. అతను పంపకపోతే అక్కడితో సరి. స్టాంపింగ్ ఉన్నా పాస్‌పోర్టు అతని సూట్‌కేసులో తిరుగు విమానం ఎక్కేస్తుంది. ఆమె పుట్టింట్లో ఉండగా అతను ఇక్కడి కోర్టులో విడాకులకి వేస్తాడు, నోటీసు అక్కడికి వస్తుంది. ఇది కొత్త ఎత్తేమీ కాదు. 1975లో తిరుపతిలో పెళ్ళి చేసుకున్న ఒక తెలుగాయన అమెరికా వెళ్ళి మిస్సోరి కోర్టులో విడాకులు తెచ్చుకుంటే, ఆ కేసు మన సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. హిందూ వివాహ చట్టంలో లేని కారణం మీద, భార్య ఒప్పుకోని కోర్టులో తెచ్చుకున్న ఆ విడాకులు ఇండియాలో చెల్లవని 1991లో తీర్పు వచ్చింది. మంచి తీర్పు. కానీ ఇండియాలో చెల్లకపోయినా అమెరికాలో ఆస్తి, పిల్లల సంగతి ఆ కోర్టు తేల్చేస్తుంది. ఆమె అక్కడ లేకపోతే ఆమె వైపు మాట ఎవరు చెప్తారు?

పిల్లాడి విషయం ఇంకా పెద్దది. అమెరికాలో, గత ఆరు నెలలుగా బిడ్డ ఏ రాష్ట్రంలో ఉన్నాడో ఆ రాష్ట్రం కోర్టుకే కస్టడీ తేల్చే అధికారం. బిడ్డ వెళ్ళిపోయినా, తల్లిదండ్రుల్లో ఒకరు అక్కడే ఉంటే ఇంకో ఆరు నెలల దాకా ఆ అధికారం పోదు. అంటే ఆమె పిల్లాడితో ఇండియాలో ఉంటే, అతను న్యూజెర్సీలో కేసు వేసి ఆమే పిల్లాణ్ణి ఎత్తుకెళ్ళిందని అనగలడు. అదే అతను పిల్లాణ్ణి ఇండియాలో తన తల్లి దగ్గర వదిలేస్తే ఆమె పరిస్థితి ఇంకా కష్టం, ఎందుకంటే పిల్లల్ని దేశం దాటించడం మీద 1980 నాటి హేగ్ ఒప్పందంలో మన దేశం చేరలేదు. పిల్లాడిది అమెరికన్ పాస్‌పోర్టు అయితే అది ఆమె దగ్గర ఉండాలి. అతను కొత్తది తీయించకుండా, దరఖాస్తు పడితే ఆమెకి కబురు వచ్చేలా అమెరికా విదేశాంగ శాఖలో పేరు నమోదు చేయించుకోవచ్చు. పదహారేళ్ళ లోపు పిల్లలకి మామూలుగా ఇద్దరి సమ్మతీ కావాలి కూడా.

ఇప్పుడు మీరడిగిన దారులు. ముందు అతను అమెరికాలో ఏ స్టేటస్ మీద (సిటిజన్, గ్రీన్ కార్డు, వీసా) ఉన్నాడో చూడాలి.

అతను సిటిజన్ అయినా, గ్రీన్ కార్డు ఉన్నవాడైనా, 1994లో వచ్చిన వావా చట్టం (ఆడవాళ్ళ మీద హింసకి సంబంధించిన అమెరికా చట్టం) కింద ఆమె తనంతట తానే ఐ-360 అనే దరఖాస్తు వేసుకోవచ్చు. ఫీజు లేదు. అతని సంతకం అక్కర్లేదు, అతనికి చెప్పరు కూడా. పోలీసు కేసు ఉండి తీరాలని లేదు. విడాకులైపోయినా రెండేళ్ళ లోపు వేయొచ్చు. ఒంటి మీద దెబ్బలే ఉండాలని కూడా లేదు. "నీ వీసా నా చేతిలో ఉంది" అని రోజూ బెదిరించడం, డబ్బు చేతికి ఇవ్వకపోవడం, ఎవరితో మాట్లాడనివ్వకపోవడం లాంటివన్నీ కలిపి క్రూరత్వంగా చూపించవచ్చు. రెండేళ్ళ షరతు గ్రీన్ కార్డు మీద ఉన్నవాళ్ళు ఆ షరతు తీసేయమని అడిగే ఐ-751 కూడా అతను లేకుండా వేసుకోవచ్చు.

మీ చెల్లిది హెచ్-4 కాబట్టి మీ బావగారిది హెచ్-1బి లాంటి ఉద్యోగ వీసాయే, అందుకని వావా దారి లేదు. ఇక్కడే చాలామంది ఆశ వదిలేసుకుంటారు. కానీ హింస ఎదుర్కొంటున్న, హెచ్-4 లాంటి వీసాల మీద ఉన్న భార్యల కోసం ఐ-765వి అని ఒక ఫారం 2017 నుంచి ఉంది. దాని మీద రెండేళ్ళకి వర్క్ పర్మిట్ ఇస్తారు, అతని ప్రమేయం లేకుండా. అది స్టేటస్ ఇవ్వదు, పని చేసుకునే అనుమతి మాత్రమే. కానీ ఇది వేయాలంటే ఆమె అమెరికాలో ఉండాలి. నేను విమానం వద్దని మొత్తుకునేది ఇందుకు కూడా. నేరానికి గురైనవాళ్ళకి ఇచ్చే యూ వీసా అని ఇంకొకటుంది. నేరం జరిగిందని, ఆమె సహకరిస్తోందని పోలీసులో ప్రాసిక్యూటరో సంతకం పెట్టాలి. ఏడాదికి 10,000 మాత్రమే ఇస్తారు కాబట్టి క్యూ ఏళ్ళ తరబడి ఉంటుంది. అయినా వేసి ఉంచడం మంచిది. మూడోది, చదువు. హెచ్-4 విడాకుల డిక్రీ వచ్చిన రోజు పోతుంది, కేసు వేసిన రోజు కాదు. ఆ లోపు ఎఫ్-1కి (విద్యార్థి వీసాకి) మారడానికి దరఖాస్తు పెట్టొచ్చు. నేను చేసింది అదే. ఫీజులు భారమే, మా నాన్న పొలం కాగితాలు బ్యాంకులో పెట్టారు. ఏ దారైనా ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని అడిగాకే. ఆ లాయరు అతని కంపెనీ లాయరు కాకూడదు.

వీసా కంటే ముందు ప్రాణం. న్యూజెర్సీలో రెస్ట్రెయినింగ్ ఆర్డర్‌కి (అతను ఆమె జోలికి రాకూడదని కోర్టు ఇచ్చే ఉత్తర్వుకి) ఫీజు లేదు, వీసా ఏమిటని అడగరు. కోర్టు మూసి ఉన్న వేళ పోలీస్ స్టేషన్‌లోనే మొదలుపెట్టొచ్చు. ముందు తాత్కాలికంగా ఇస్తారు, పది రోజుల్లో విచారణ పెడతారు. పక్కా ఆర్డర్ వస్తే కోర్టు మళ్ళీ మార్చేదాకా దానికి గడువు లేదు. ఇల్లు వదిలి వెళ్ళమని అతనికే చెప్పగలరు. కోర్టులో తెలుగు దుబాసీ కావాలని అడగాలి. పోలీసులు ఇంటికొచ్చినప్పుడు అతని స్నేహితుణ్ణి దుబాసీగా ఒప్పుకోకూడదు, ఫోన్‌లో ఇంటర్‌ప్రెటర్‌ని పెట్టమనాలి. మా అపార్ట్‌మెంట్స్‌లో ఒకమ్మాయి ఏడుస్తూ జరిగింది చెప్తుంటే, "ఇంటి మీద బెంగతో ఉంది" అని అతని రూమ్మేట్ ఇంగ్లీషులో చెప్పడం నేను నా చెవులతో విన్నాను. ఆ ఆఫీసర్ రాసుకుని వెళ్ళిపోయేవాడే, నేను అడ్డుపడి అసలు మాట చెప్పకపోతే.

మన తెలుగు సంఘాల మీద నాకు కోపం ఇక్కడే. ఏటా అన్ని వేల మందిని ఒకచోట చేర్చి, నగల స్టాళ్ళు, రియల్ ఎస్టేట్ స్టాళ్ళు వరసగా పెడతారు. నేను వెళ్ళిన సభల్లో ఎక్కడా ఇలాంటి అమ్మాయి వచ్చి కూర్చుని మాట్లాడే ఒక్క గది లేదు. సహాయం కోసం ఒక పెద్దమనిషి దగ్గరికి వెళ్తే, ఆయన ముందు చేసిన పని మా ఆయనకి ఫోన్ చేయడం. అందుకే చెప్తున్నాను, మీకు తెలిసిన పెద్దలెవరినీ రంగంలోకి దింపకండి. న్యూజెర్సీలోనే మానవి అని 1985 నుంచి దక్షిణాసియా ఆడవాళ్ళ కోసం పనిచేస్తున్న సంస్థ ఉంది. న్యూయార్క్‌లో సఖి, హ్యూస్టన్‌లో దయ, అట్లాంటాలో రక్ష, షికాగోలో అప్నా ఘర్, కాలిఫోర్నియా బే ఏరియాలో మైత్రి ఉన్నాయి. వీళ్ళు భర్తకి ఫోన్ చేయరు.

ఇంకో రకం సలహాదారులుంటారు: "498ఎ పెట్టేయండి, వాడే కాళ్ళ బేరానికొస్తాడు" అంటారు. ఆ కేసు (భార్యని హింసించినందుకు పెట్టేది, ఇప్పుడది భారతీయ న్యాయ సంహితలో 85వ సెక్షన్) ఆమె పుట్టింటి ఊళ్ళోనే పెట్టొచ్చని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది, నిజమే. అవసరమైతే పెట్టండి. కానీ ఈ రాత్రి ఆమె తల దాచుకోవడానికి, రేపు వీసా నిలుపుకోవడానికి అది పనికిరాదు. మన వాళ్ళకి అతణ్ణి జైల్లో వేయించాలన్న ఆత్రమే గాని ఆమె ఎక్కడ పడుకుంటుందన్న ఆలోచన ఉండదు.

ఆమె నిజంగా తిరిగి వచ్చేయాలనుకుంటే రావచ్చు, అది ఆమె ఇష్టం. కానీ లాయర్‌తో మాట్లాడాక, పిల్లాడి సంగతి కోర్టులో తేలాక, మీరు కొన్న టికెట్ మీద రావాలి.

ఈలోగా మీరు అక్కడ కూర్చుని చేయగలిగిన పనులున్నాయి. పెళ్ళప్పుడు తీసిన పాస్‌పోర్టు, వీసా జిరాక్సులు ఇంట్లో ఎక్కడో ఉంటాయి, వెతకండి. పాస్‌పోర్టు నంబరు దొరికితే ఆమె ఐ-94 (అమెరికాలోకి వచ్చినట్టు నమోదైన కాగితం) ఆన్‌లైన్‌లో తీసుకోవచ్చు. మ్యారేజ్ సర్టిఫికెట్, పెళ్ళి ఫోటోలు, ఆమె మీకు పంపిన దెబ్బల ఫోటోలు తేదీలతో సహా దాచండి. పాస్‌పోర్టు అతను ఇవ్వకపోతే పోలీసు రిపోర్టు తీసుకుని న్యూయార్క్‌లోని మన కాన్సులేట్‌ని అడగాలి, న్యూజెర్సీ వాళ్ళ పరిధిలోదే. జాతీయ మహిళా కమిషన్‌లో ఎన్.ఆర్.ఐ. సెల్ ఉంది, అక్కడ మీరే ఫిర్యాదు పెట్టొచ్చు.

నేను రాసిందంతా ఆమె వాట్సాప్‌కి పంపకండి, అతను ఆ ఫోన్ చూస్తాడు. ఫ్యామిలీ ప్లాన్ అయితే ఆమె చేసిన కాల్స్ అతని బిల్లులో కనపడతాయి. లైబ్రరీకో, పిల్లాడి డాక్టర్ దగ్గరికో వెళ్ళినప్పుడు అక్కడి ఫోన్ అడిగి 1-800-799-7233కి చేయమనండి. అది అమెరికా జాతీయ గృహహింస హెల్ప్‌లైన్, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగు ఇంటర్‌ప్రెటర్‌ని అడగొచ్చు. చెయ్యెత్తిన క్షణంలో మాత్రం 911, అక్కడ పోలీసుల్ని పిలిచే అత్యవసర నంబరు. బావగారికి మీరు ఈ రోజే ఫోన్ చేసి, ఊళ్ళో మీకు పనులున్నాయని, ఇప్పుడు రావద్దని మామూలుగా చెప్పండి, అనుమానం రాకుండా.