కార్పొరేటర్ అవుతానంటున్న అమ్మాయి ముందు ఏం చదవాలి?

ఒడిశాలోని మన బరంపురం నుంచి ఒక తల్లి రాశారు: "మా అమ్మాయికి ఇరవై. డిగ్రీ ఆఖరి ఏడాది. ముందు కార్పొరేటర్, తరవాత ఎమ్మెల్యే అవుతానంటోంది. వాళ్ల నాన్నగారేమో బ్యాంకు కోచింగులో చేరమని పట్టు. అసలు రాజకీయం ఒక ఉద్యోగమేనా?"

కాదమ్మా. ఎమ్మెల్యేకి జీతం ఉంటుంది గానీ అయిదేళ్లకోసారి జనం ఇంటికి పంపేయొచ్చు. కార్పొరేటర్‌కి వచ్చే గౌరవ భత్యంతో ఇల్లు గడవదు. అందుకే ముందు తిండి పెట్టే పని చేతిలో ఉండాలి.

ద్రౌపది ముర్ము గారినే చూడండి. గుమాస్తాగా, టీచరుగా పనిచేశాక 1997లో రాయ్‌రంగ్‌పూర్‌లో కౌన్సిలర్ అయ్యారు. 2000లో ఎమ్మెల్యే, ఆపైన మంత్రి. 2009లో లోక్‌సభకి నిలబడి ఓడారు, 2014లో అసెంబ్లీకీ ఓడారు. రాష్ట్రపతి అయ్యారని అందరూ చెప్తారు, ఈ రెండు ఓటముల సంగతి ఎవరూ ఎత్తరు. మీ అమ్మాయి మాత్రం వాటి గురించే ఆలోచించాలి.

వయసు చిక్కు కాదు. కార్పొరేటర్‌కి 21 నిండితే చాలు, ఎమ్మెల్యేకి 25. 2022లో ఎన్నికైన కార్పొరేషన్ గడువు 2027లో తీరుతుంది. కాకపోతే మీ వార్డు అప్పుడు ఎవరికి రిజర్వు అవుతుందో ఇప్పుడే చెప్పలేం. ఆ ఒక్క ఎన్నిక మీదే ఆశ పెట్టుకోవద్దు.

బ్యాంకు కోచింగు చెడ్డదనను. కానీ ప్రభుత్వ బ్యాంకులో ఉంటూ పోటీ చెయ్యడం కుదరదు, రాజీనామా ఇచ్చి రావాలి. నన్నడిగితే లా చదివించండి. లింగరాజ్ లా కాలేజీ ఊళ్లోనే ఉంది. ఓడినా మర్నాడు కోర్టుకి వెళ్లొచ్చు. (మన ఊళ్లో పుట్టిన వి.వి.గిరి గారూ లా చదివినవారే.) రేపు అసెంబ్లీకి వెళ్తే చట్టం, బడ్జెట్ చదవడం రావాలి కదా. వార్డులో ఎక్కువగా కాలువ, కుళాయి, చెత్త, వీధి దీపం.

ఇంకో సంగతి, ఒడియా. ఇంట్లో మనం తెలుగే మాట్లాడుకున్నా ఆఫీసులో ఫైలు ఒడియాలోనే నడుస్తుంది. మన పిల్లలు చాలామంది గడగడా మాట్లాడతారు, ఒక పేజీ రాయమంటే తడబడతారు.

ఇది వాళ్ల నాన్నగారికి. ఒడిశాలో పట్టణ సంస్థల్లో సగం సీట్లు ఆడవాళ్లవి. అయినా పేరు ఆవిడది, పెత్తనం మొగుడిదో మామదో అయిన వార్డులు బోలెడు. అమ్మాయి తనంతట తానే చేస్తానంటుంటే అడ్డుపడకండి.

ప్రస్తుతానికి ఒక పని చెప్పండి. మీ వీధి కాలువ గురించి అర్జీ తనే ఒడియాలో రాసి, కార్పొరేషన్ ఆఫీసులో ఇచ్చి, రసీదు తెచ్చుకోవాలి. పని అయ్యేదాకా వెంటపడాలి. మూడోసారి రేపు రమ్మన్నా మొహం ముడుచుకోకుండా నాలుగోసారి వెళ్లిందంటే, వాళ్ల నాన్నగారితో నేను మాట్లాడతాను.