జలసంధిలో నీళ్లు కొలిచే చదువుకు ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ కెమిస్ట్రీ చివరి సంవత్సరం. తమిళనాడుకు, శ్రీలంకకు మధ్య ఉన్న పాక్ జలసంధిలో నీటి ప్రవాహాన్ని, లోహ కాలుష్యాన్ని కొలిచే పని గురించి విని, సముద్ర రసాయన శాస్త్రమే చదువుతానంటోంది. మేము డేటా సైన్స్‌లో చేర్చాలనుకుంటున్నాం. ఏది మేలు? ఆడపిల్ల పడవలెక్కి తిరగగలదా?
– ఒక తండ్రి, కాకినాడ

జవాబు: మీ ఉత్తరంలో కోర్సుల గురించి ఉన్నది రెండు మాటలే. మిగతాదంతా అమ్మాయి చదివి ఇంట్లో కూర్చుంటుందేమోనన్న దిగులు. ఇలాంటి ఉత్తరాలు నాకు ఏటా వస్తాయి కనుక ముందు దానికే జవాబు చెబుతాను. నీటిలో అతి స్వల్ప మోతాదులో ఉన్న లోహాలను కొలిచే ఐసీపీ-ఎంఎస్ యంత్రంపై చేయి తిరిగిన కెమిస్టు సముద్రాన్నే నమ్ముకుని బతకనక్కర్లేదు. మందుల్లో లోహ మలినాలను పరీక్షించే ఔషధ పరిశ్రమల్లోనూ ఇదే యంత్రం ఉంటుంది. ఆ పరిశ్రమలకు హైదరాబాద్‌లో, విశాఖలో కొదవలేదు.

ఇక డేటా సైన్స్. ఆ శాస్త్రం మీద నాకు చిన్నచూపు లేదు. కొలతంటే ఏమిటో తెలియని పిల్లల్ని, అందరూ చేరుతున్నారని అందులోకి తోయడమే నాకు నచ్చదు. పాక్ జలసంధినే తీసుకోండి. ఏడీసీపీ అనే పరికరం నీటిలోకి ధ్వనిని పంపి, తేలాడే రేణువుల నుంచి వచ్చే ప్రతిధ్వనిని బట్టి ఏ లోతులో ఎంత వేగముందో చెబుతుంది. దాని నుంచి సెకనుకు ఎంత నీరు దాటుతోందో లెక్కకడతారు. ఆ నీటిలో లోహం ఎంతుందో తెలిస్తే రెండింటినీ గుణిస్తారు. సెకనుకు 10,000 ఘనపు మీటర్ల నీరు, లీటరుకు 1 మైక్రోగ్రాము సీసం అనుకుందాం. రోజుకు 864 కిలోల సీసం జలసంధి దాటినట్టు. పడవ రంగు నుంచో, తుప్పు పట్టిన కొక్కెం నుంచో నమూనాలో లీటరుకు ఇంకో మైక్రోగ్రాము సీసం కలిస్తే లెక్క రెట్టింపవుతుంది. ఆ తప్పును కంప్యూటర్ కనిపెట్టలేదు. సీసాను ఆమ్లంతో కడిగి, చేతికి తొడుగు వేసుకుని, నమూనాను వడకట్టి నైట్రిక్ ఆమ్లం కలిపిన మనిషే దాన్ని ఆపగలదు.

అక్కడి ప్రవాహం కూడా ఏడాదంతా ఒకే వైపు సాగదు. ఈశాన్య రుతుపవనాల కాలంలో బంగాళాఖాతం నీరు జలసంధికి దక్షిణాన ఉన్న మన్నార్ సింధుశాఖ వైపు కదులుతుంది, నైరుతి కాలంలో దిశ మారుతుంది. ఆ సింధుశాఖ ఒడ్డున తూత్తుకుడిలో రేవుంది, థర్మల్ విద్యుత్ కేంద్రం ఉంది, కాలుష్యం అక్కడి నుంచీ రావచ్చు. ఒక్క రుతువులో కొలిచి ‘కాలుష్యం ఇటు పోతోంది’ అని తేల్చేస్తే నష్టపోయేది ఆ నీటి మీద బతికే మత్స్యకారులు. ఈ పనిలో ఉన్న బాధ్యత మీ అమ్మాయికి అర్థమైందనే అనుకుంటున్నాను. గణాంకాలు, పైథాన్ ప్రోగ్రామింగ్ ఆమెకు ఎలాగూ అవసరమే, ఎమ్మెస్సీతోపాటే నేర్చుకోవచ్చు.

కష్టాలు దాచను. ఎమ్మెస్సీ అవగానే దొరికేవి ఎక్కువగా కాంట్రాక్టు ప్రాజెక్టు ఉద్యోగాలు. శాశ్వత శాస్త్రవేత్త పోస్టులు తక్కువ, వాటికి దాదాపుగా పీహెచ్‌డీ కావాలి. సీఎస్‌ఐఆర్-నెట్ అనే జాతీయ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రిసెర్చ్ ఫెలోషిప్) సాధిస్తే నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్, ఇంటి అద్దె భత్యం అదనం. పరీక్షల వివరాలు ఆమె ఈపాటికే చూసి ఉంటుంది, వాటి జోలికి వెళ్లను.

పడవ సంగతికి వస్తే, మీ మీద నాకు కోపం వచ్చింది అక్కడే. జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ శాస్త్రవేత్త అదితి పంత్ 1983లో బయలుదేరిన మూడో భారతీయ యాత్రలో అంటార్కిటికా వెళ్లారు. నాలుగు దశాబ్దాలు దాటాక, కాకినాడలో సముద్రం పక్కనే ఉంటూ మీరు ఈ ప్రశ్న అడుగుతున్నారు! భద్రత గురించి అడగండి, తప్పులేదు. లైఫ్ జాకెట్లు ఉన్నాయా, తోడెవరు వస్తారు, వాతావరణ హెచ్చరిక ఉన్నప్పుడు పడవ ఆపుతారా అని అడగండి. ‘ఆడపిల్ల కదా’ అన్న మాట మాత్రం ఆమె ముందు ఇంకోసారి అనకండి.

కొచ్చిన్ శాస్త్ర సాంకేతిక విశ్వవిద్యాలయం, గోవా విశ్వవిద్యాలయం, ఆంధ్రా విశ్వవిద్యాలయాల్లో సముద్ర శాస్త్ర కోర్సులున్నాయి. దరఖాస్తుకు ముందు ఒక పని చేయండి. విశాఖలో జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. వేసవిలో కొన్ని వారాలు ప్రయోగశాలలో పనిచేసే అవకాశం ఇస్తారా అని అక్కడి శాస్త్రవేత్తలకు అమ్మాయి చేతే ఈమెయిల్ రాయించండి. జవాబు రాకపోతే మళ్లీ రాయమనండి. సీసాలు కడిగే పనే ఇచ్చినా వెళ్లనివ్వండి. తిరిగొచ్చాక కూడా ఇదే కావాలంటే ఫీజు కట్టండి.