సువార్త, నమ్మకం, విశ్వాసం

సందేహం: మాది మూడు తరాలుగా చర్చికి వెళ్తున్న కుటుంబం. ఆఫీసులో మాటల మధ్య సువార్త ప్రస్తావన వస్తే, నా స్నేహితురాలు ‘అది నీ వ్యక్తిగత విశ్వాసం, నా విశ్వాసాలు నాకున్నాయి’ అంది. నన్ను నొప్పించాలని అనలేదు. కానీ ఇక మాట్లాడ్డానికి ఏమీ మిగల్లేదనిపించింది. సువార్తను ‘వ్యక్తిగత విశ్వాసం’ అనవచ్చా? నమ్మకం, విశ్వాసం ఒకటేనా? – ఒక పాఠకురాలు, విశాఖపట్నం

సమాధానం: అనకూడదమ్మా. విశ్వాసం మీది. సువార్త మాత్రం ఒక వార్త.

గ్రీకులో దీనికి మూలమైన మాట ‘యువాంగెలియాన్’. ‘యు’ అంటే మంచి, ‘అంగెలియా’ అంటే కబురు. మన ‘సు’, ‘వార్త’ వాటికి అచ్చంగా సరిపోయాయి. కాథలిక్కులు ‘సువిశేషం’ అంటారు. అదీ చక్కని మాటే. మన ఊళ్లో మనిషి ఎదురైతే ‘ఏటండీ విశేషాలు?’ అంటాం కదా, ఆ విశేషమే. ఏ పేరుతో పిలిచినా అది జరిగినదాన్ని చెప్పే మాట. తొలి క్రైస్తవ బోధకుడు పౌలు బైబిల్లో కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 15వ అధ్యాయంలో సువార్త ఏమిటో చెబుతూ క్రీస్తు చనిపోయాడు, సమాధి చేయబడ్డాడు, మూడో రోజున లేపబడ్డాడు, ఫలానావారికి కనబడ్డాడు అంటాడు. అన్నీ భూతకాల క్రియలే. క్రీస్తు లేపబడకపోతే మీ విశ్వాసమూ వ్యర్థమే అని కూడా అక్కడే అంటాడు. నమ్మేవాళ్ల మనసుకు హాయిగా ఉంటే చాలనుకున్నవాడు ఆ మాట రాయడు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ మన తీరాన్ని తాకింది. అంతకుముందే హెచ్చరికలు వచ్చాయి. అలాంటి హెచ్చరిక విన్నప్పుడు నమ్మడం, నమ్మకపోవడం ఎవరికి వారే చేసే పని. నమ్మినవాడు పడవను పైకి లాక్కుంటాడు. కానీ తుఫాను వస్తోందన్న మాట ఏ ఒక్కరి సొంతమూ కాదు. దాన్ని విన్నవాళ్లు ‘నిజమేనా?’ అని అడుగుతారు. సువార్తనూ అలాగే అడగాలి. ‘నిజం కాదు’ అని ఆలోచించి చెప్పినవాళ్లు కూడా దాన్ని పట్టించుకున్నవాళ్లే. ‘ఎవరి నమ్మకం వారిది’ అన్న మాటలో మర్యాద ఉంది, ఇన్ని మతాలవాళ్లం ఒకే వీధిలో బతకడానికి ఆ మర్యాద కావాలి కూడా. అయితే అది వార్తకు జవాబు కాదు.

ఇక నమ్మకం, విశ్వాసం. నమ్ము మన ద్రావిడ ధాతువు, తమిళంలో ‘నంబు’. విశ్వాసం సంస్కృతం. శ్వాసలో ఉన్న ‘శ్వస్’ ధాతువే ఇందులోనూ ఉంది. భయం లేకుండా, గుండె నిండా ఊపిరి తీసుకోగలగడం అన్న భావన ఆ మాట వెనక కనబడుతుంది. అర్థంలో పెద్ద తేడా లేదు, వాడుకలోనే తేడా. రెండూ నమ్మే మనిషికీ, నమ్మదగిన మనిషికీ చెల్లుతాయి. బైబిల్లో ‘భళా, నమ్మకమైన మంచి దాసుడా’ అన్నచోట నమ్మకం దాసుడి గుణం. కుక్కకు విశ్వాసం ఉందంటే అది మనల్ని విడిచిపోదని అర్థం. బైబిల్లో విశ్వాసానికి మూలమైన గ్రీకు మాట ‘పిస్టిస్’కూ ఇలాగే రెండు వైపులూ ఉన్నాయి. కాబట్టి ఈ మాటలు మన అనువాదకులకు దొరకడం అదృష్టమనే అనుకుంటాను.

నన్ను బాధపెట్టేది బహువచనం. నమ్మకం అనగానే తెలుగువాడు ‘ఎవరి మీద?’ అని అడుగుతాడు. విశ్వాసానికి ‘ఎవరియందు?’ అన్న ప్రశ్న ఉంది. ‘నా విశ్వాసాలు’ అనేసరికి ఆ ఎదుటి మనిషి మాయమవుతాడు, అలమారలో సర్దుకున్న సొంత సామాన్లలా అభిప్రాయాలు మిగులుతాయి. ఫిషింగ్ హార్బర్‌లో ఎవరినైనా అడగండి, ‘సముద్రాన్ని నమ్ముకుని బతుకుతున్నాం’ అంటారు. నమ్ముకొనడంలోని ఆ ‘కొను’లో మనిషి తన బరువంతా మోపడం ఉంది. ‘దేవుణ్ణి నమ్ముకున్నాను’ అనే ముసలమ్మ మాటలోనూ అదే ఉంది. సముద్రం గురించి ఒక అభిప్రాయం ఉన్నంత మాత్రాన ఎవరూ వేకువన పడవ ఎక్కరు.

ఈ మాటలకు మన ఊరితో పాత బంధమే ఉంది. 1805లో లండన్ మిషనరీ సొసైటీ తరఫున క్రాన్, డిగ్రాంజెస్ విశాఖపట్నం వచ్చి తెలుగు నేర్చుకుని, క్రైస్తవుడైన బ్రాహ్మణుడు ఆనందరాయర్ సాయంతో సువార్తల, అంటే యేసు జీవితాన్ని చెప్పే బైబిలు పుస్తకాల, అనువాదం మొదలుపెట్టారు. క్రాన్ 1809లో, డిగ్రాంజెస్ 1810లో చనిపోయారు. మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో బెంగాల్‌లోని శ్రీరాంపూరులో అచ్చయ్యాయి. ఆ అచ్చు ప్రతిని ఇద్దరిలో ఎవరూ చూడలేదు. ఇది చెప్పేటప్పుడు నాకెప్పుడూ గొంతు పట్టేస్తుంది.

మీ స్నేహితురాలితో ‘సువార్తను నమ్మడం నా వ్యక్తిగత నిర్ణయం, కానీ అది నిజమో కాదో మనిద్దరం మాట్లాడుకోవచ్చు’ అనండి. వాక్యం తప్పు లేకుండా ఉంటుంది. ‘సువార్తను నమ్మాను’, ‘క్రీస్తునందు విశ్వాసముంచాను’ రెండూ సరైనవే. ‘విశ్వాసించాను’ అని చాలామంది రాస్తున్నారు. అది తప్పు, ‘విశ్వసించాను’ అని రాయాలి.