సైకిల్ సందేహాలు: ఆదివారం గుంపు నుంచి డాన్యూబ్ ఒడ్డు దాకా

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో కొన్ని క్లబ్బు రైడ్ల గురించి, కొన్ని వేసవిలో పిల్లలతో విదేశంలో సైకిల్ యాత్ర చేయడం గురించి. రెంటికీ ఒకే సంగతి వర్తిస్తుంది: గుంపులో అందరికన్నా నెమ్మదిగా తొక్కేవారిని బట్టే అన్నీ లెక్క వేసుకోవాలి.

ప్రశ్న: మూడు వారాలుగా క్లబ్బుతో ఆదివారం రైడ్‌కి వెళ్తున్నాను. నాది గేర్లున్న హైబ్రిడ్ సైకిల్. పది కిలోమీటర్లు దాటేసరికి అందరూ ముందుకెళ్లిపోతారు, నేను ఒక్కదాన్నే మిగిలిపోతాను. రోడ్ బైక్ (సన్న టైర్ల వేగం సైకిల్) కొనుక్కోమంటున్నారు. కొనాలా?
– పాఠకురాలు, మియాపూర్

జవాబు: ఇప్పుడే కొనకండి. ముందు టైర్లలో గాలి చూడండి. బొటనవేలితో నొక్కి గట్టిగానే ఉందనుకుంటాం గానీ, గేజి పెట్టి చూస్తే చాలాసార్లు 30 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) కూడా ఉండదు. 35 మిల్లీమీటర్ల టైరు మీద 60 కిలోల మనిషి కూర్చుంటే 50 నుంచి 55 ఉండాలి. టైరు పక్కన ముద్రించిన హద్దు దాటకండి. గేజి ఉన్న నిలువు పంపు ఒకటి ఇంట్లో పెట్టుకుని ప్రతి శనివారం రాత్రి గాలి కొట్టండి.

తర్వాత సీటు ఎత్తు. మడమ పెడలు మీద ఆనించి, పెడలు అట్టడుగుకి వచ్చినప్పుడు మోకాలు సరిగ్గా చాపినట్టు ఉండాలి. తొక్కేటప్పుడు పాదం ముందు భాగం పెడలు మీద ఉంటుంది కాబట్టి మోకాలికి కొద్దిగా వంపు మిగులుతుంది. రెండు పాదాలూ పూర్తిగా నేలకి ఆనాలని సీటు దించుకుంటే, తొడలు పది కిలోమీటర్లకే మండిపోతాయి.

ఇక గేరు. కొత్తవారు బరువైన గేరులో నిమిషానికి యాభై చుట్లు తొక్కుతారు. ఒక మెట్టు తేలిక గేరులోకి దిగి 75 నుంచి 85 చుట్లు తిప్పండి. మొదట్లో కాళ్లు ఊరికే తిరుగుతున్నట్టు అనిపిస్తుంది, రెండు వారాల్లో అలవాటవుతుంది.

ఇవన్నీ సరిచేశాక కూడా మీరు ఒంటరిగా మిగిలిపోతున్నారంటే తప్పు మీది కాదు, క్లబ్బుది. కొత్తవారిని పిలిచిన రైడ్‌లో చివరి మనిషి వెనక ఒక పాత సభ్యుడు ఉండి తీరాలి. ప్రతి మలుపు దగ్గరా ముందువాళ్లు ఆగాలి. వెళ్లే ముందు వాట్సాప్ గ్రూపులోనే అడగండి: "చివర ఎవరుంటున్నారు?" అని. జవాబు రాని రైడ్‌కి వెళ్లకండి.

గుంపులో తొక్కేటప్పుడు ఒకటి మాత్రం మరవకండి. మీ ముందు చక్రం ఎప్పుడూ ముందువారి వెనక చక్రం పక్కకి చేరకూడదు. వారు గుంత తప్పించడానికి జానెడు పక్కకి జరిగినా రెండు చక్రాలూ రాసుకుంటాయి. వారికి ఏమీ కాదు, పడేది మీరే, ఎందుకంటే హ్యాండిల్ తిప్పే చక్రం మీది. అలవాటయ్యేదాకా ఒక సైకిలు పొడవు దూరం ఉంచండి. ఆ దూరంలో కూడా ఎదురుగాలి నుంచి కాస్త చాటు దొరుకుతుంది.

ప్రశ్న: హైవే మీద క్లబ్బు రైడ్‌కి వెళ్తే నెలలో మూడుసార్లు వెనక టైరు పంచరు. ట్యూబు మార్చినా రెండు రోజుల్లో మళ్లీ అదే. టైరు పాడైనట్టా?
– పాఠకుడు, విజయవాడ

జవాబు: టైరులో ఇంకా ఏదో దిగి ఉన్నట్టు. లారీ టైర్లు పగిలి చిందరవందరైనచోట వాటిలోని ఉక్కు తీగలు రోడ్డు అంచున పడి ఉంటాయి. వెంట్రుకంత సన్నం, పొడవు సెంటీమీటరు కూడా ఉండదు. టైరులో దిగి లోపలికి అర మిల్లీమీటరు మాత్రం పొడుచుకొస్తాయి. పైకి కనిపించవు. గాలి ఒక్కసారిగా పోదు, సాయంత్రానికో మర్నాటికో పోతుంది. మీకు జరుగుతున్నది ఇదే అయి ఉండాలి.

వెతికే పద్ధతి ఇది. ట్యూబు ఊడదీసేటప్పుడు వాల్వు టైరు మీద ఏ అక్షరం దగ్గరుందో గుర్తుపెట్టుకోండి. ట్యూబుకి గాలి కొట్టి నీళ్లలో ముంచి చిల్లు కనుక్కోండి. వాల్వు నుంచి చిల్లు ఎంత దూరమో అంతే దూరం టైరు మీద కొలవండి. వాల్వుకి అటూ ఇటూ రెండుచోట్లా చూడాలి, ట్యూబు తిరగేసి పట్టుకుని ఉండొచ్చు. ఆ చోట లోపలివైపు వేలు పెట్టి తడమకండి, కోసుకుంటుంది. దూదితో తుడవండి, తీగ ఉంటే దూది పోగులు పట్టుకుంటాయి. టైరుని వెనక్కి వంచితే మొన బయటపడుతుంది. గోళ్లు కత్తిరించే కట్టరుతో పట్టుకుని లాగేయండి.

చిల్లు ఉన్న చోటే కారణం చెబుతుంది. రోడ్డు వైపు ఒకే చిల్లు ఉంటే తీగో ముల్లో. పాము కాటులా పక్కపక్కనే రెండుంటే గాలి తక్కువై గుంతలో రిమ్ము ట్యూబుని నొక్కేసింది. చిల్లు రిమ్ము వైపు ఉంటే లోపలి టేపు జరిగిపోయి చువ్వల కన్నం తగులుతోంది. టేపు మార్చకుండా ఎన్ని ట్యూబులు మార్చినా దండగే.

ప్యాచ్ ఊడిపోవడానికి ఎక్కువసార్లు తొందరపాటే కారణం. గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ పల్చగా రాసి, ఐదు నిమిషాలు ఆగి, తడి మెరుపు పోయాకే అతికించాలి. తడి మీద వేస్తే జారిపోతుంది. టైరు తిరిగి ఎక్కించేటప్పుడు ట్యూబులో కొద్దిగా గాలి ఉంచి, వాల్వుకి ఎదురుగా మొదలుపెట్టి వాల్వు దగ్గర ముగించండి. చివర లివరుతో ఎత్తితే కొత్త ట్యూబుకే చిల్లు పడుతుంది.

ప్రశ్న: గంట తొక్కాక చిటికెన వేలు, ఉంగరం వేలు తిమ్మిరెక్కుతున్నాయి. గ్లౌజులు కొన్నాను, తగ్గలేదు.
– పాఠకుడు, హన్మకొండ

జవాబు: అరచేతి అంచున పోయే నరం మీద బరువు పడుతోంది. సీటు ముక్కు కిందికి వాలి ఉందేమో చూడండి. వాలితే ఒళ్లంతా ముందుకి జారి చేతుల మీద ఆనుతుంది. సీటు మీద ఒక పుస్తకం, దాని మీద ఫోను పెట్టి లెవెల్ యాప్‌తో సమం చేయండి. మోచేతులు బిగించకండి, పది నిమిషాలకోసారి పట్టు మార్చండి. నెలలోగా తగ్గకపోతే, లేదా సైకిల్ తొక్కని రోజు కూడా తిమ్మిరి ఉంటే డాక్టరుకి చూపించాలి.

ప్రశ్న: మా బాబుకి పదేళ్లు, పాపకి ఆరేళ్లు. మేమిద్దరం క్లబ్బు సభ్యులం. మే నెలాఖరులో డాన్యూబ్ నది వెంట జర్మనీలోని పస్సావు నుంచి ఆస్ట్రియాలోని వియన్నా దాకా సైకిళ్ల మీద వెళ్లాలని ఉంది. ఏడు రోజుల్లో 320 కిలోమీటర్లు అని చదివాం. పిల్లలతో వీలవుతుందా? ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?
– దంపతులు, కొండాపూర్

జవాబు: చోటు మంచిదే ఎంచుకున్నారు. దారి చాలామటుకు నది పక్కనే, కార్లకి దూరంగా, చదునుగా ఉంటుంది. పడమటి గాలి వీచే రోజులు ఎక్కువ కాబట్టి పస్సావు నుంచి వియన్నా వైపు వెళ్తే వెనక నుంచి తోస్తుంది. ప్రవాహం దిశలో పల్లం కదా అని మాత్రం ఆశ పెట్టుకోకండి, మొత్తం దారిలో దిగేది సుమారు 130 మీటర్లే.

కానీ ఏడు రోజుల లెక్క పెద్దవాళ్లది. పదేళ్ల పిల్లాడు తొక్కే వేగం గంటకి 10 నుంచి 12 కిలోమీటర్లు. ఆగడాలూ తినడాలూ కలిపితే 35 కిలోమీటర్లకి దాదాపు పూటంతా పడుతుంది. నా సలహా: పస్సావు నుంచి లింజ్ దాకా సుమారు వంద కిలోమీటర్లు మూడు రోజుల్లో తొక్కండి. లింజ్ నుంచి మెల్క్‌కి రైలెక్కండి. మెల్క్ నుంచి క్రెమ్స్ దాకా వాఖావు లోయని, 36 కిలోమీటర్లని, మధ్యలో ష్పిట్స్ అనే ఊళ్లో ఆగుతూ రెండు రోజులు తొక్కండి. క్రెమ్స్ నుంచి వియన్నాకి మళ్లీ రైలు. ద్రాక్షతోటలూ పసుపుపచ్చని ఆప్రికాట్ పండ్ల తోటలూ ఉన్న ఆ లోయని 2000లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చారు. దాన్ని పరుగు మీద దాటేస్తే అంత దూరం వెళ్లి ఏం లాభం?

పస్సావు, లింజ్‌ల మధ్య ష్లోగెన్ దగ్గర నది పాము మెలికలా వెనక్కి తిరుగుతుంది. అక్కడ ఉత్తరపు ఒడ్డు దారి తెగిపోతుంది, చిన్న పడవ సైకిళ్లతో సహా ఎక్కించుకుని అవతల దించుతుంది. పిల్లలకి ఈ యాత్రలో బాగా గుర్తుండేది అదే కావచ్చు. పడవ వేళలు బస చేసే చోట ముందు రోజే అడగండి.

ఇంటి దగ్గర సాధన: అవుటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పు ఉన్న సైకిల్ ట్రాక్ మీకు దగ్గరే. నానక్‌రామ్‌గూడ నుంచి పోలీస్ అకాడమీ వైపు 8.5 కిలోమీటర్లు, అంటే రానూపోనూ 17. నార్సింగి నుంచి కొల్లూరు వైపు 14.5, అంటే రానూపోనూ 29. నాలుగు ఆదివారాలు 17, తర్వాత మూడు ఆదివారాలు 29, చివరగా శని, ఆదివారాలు వరుసగా 29 చొప్పున. ఆ రెండో రోజే అసలు పరీక్ష. ఆదివారం పొద్దున పెద్దవాడు సైకిలెక్కనని మొండికేస్తే యాత్రలో రోజుకి 25 పెట్టుకోండి.

ఆరేళ్ల పాపకి సొంత సైకిలు ఇవ్వకండి. పెద్ద సైకిలుకి వెనక తగిలించే ఒంటిచక్రం జోడింపు అద్దెకి దొరుకుతుంది. తనూ తొక్కుతుంది, ఓపిక లేకపోతే ఊరికే కూర్చుంటుంది. అందులో నిద్రపోతే మాత్రం పడిపోతుంది. మధ్యాహ్నం నిద్ర అలవాటు ఉంటే బెల్టులున్న ట్రెయిలరే మేలు. వెనక సీటు అయితే చాలావాటి హద్దు 22 కిలోలు, బరువు చూసుకోండి. ఆస్ట్రియాలో 12 ఏళ్ల లోపు పిల్లలకి హెల్మెట్ తప్పనిసరి, ట్రెయిలర్‌లో కూర్చున్నా సరే. హెల్మెట్లు ఇక్కడి నుంచే, తలకి సరిపోయినవి తీసుకెళ్లండి.

సైకిళ్లు మాత్రం అక్కడే అద్దెకి తీసుకోండి. పస్సావులో తీసుకుని వియన్నాలో అప్పగించే ఏర్పాటు ఉన్న షాపు చూడండి. పిల్లల సైకిళ్లు తక్కువ ఉంటాయి, మూడు నాలుగు నెలల ముందే ఎత్తు, కాలి లోపలి కొలత సెంటీమీటర్లలో పంపాలి. గోడకి ఆనుకుని నిలబడి, కాళ్ల మధ్య పుస్తకం పైకంటా పెట్టి, దాని పై అంచు నుంచి నేల దాకా కొలిస్తే ఆ కొలత వస్తుంది.

అద్దె సైకిలు చేతికి రాగానే రెండు సంగతులు చూడాలి. ఒకటి, చాలావాటికి పెడలు వెనక్కి తొక్కితే బ్రేకు పడుతుంది. మన పిల్లలకి వాలులో పెడలు వెనక్కి తిప్పే అలవాటు ఉంటుంది, అక్కడ అలా చేస్తే చక్రం బిగుసుకుపోయి జారిపడతారు. రెండోది, మన దగ్గర ముందు బ్రేకు సాధారణంగా కుడిచేతికి ఉంటుంది, అక్కడ ఎడమచేతికి. ఖాళీ స్థలంలో అరగంట ఆపడం, కదలడం చేయించాకే రోడ్డెక్కండి.

బండ్లు కుడివైపున నడుస్తాయి. రోడ్డు దాటేటప్పుడు ముందు ఎడమవైపు చూడాలి. తప్పు జరిగేది ఎక్కువగా పొద్దున్నే, ఖాళీ రోడ్డు మీద, బస నుంచి బయటికొచ్చిన మొదటి మలుపులో. ముందు ఒకరు, మధ్యలో బాబు, చివర పాపని తగిలించుకున్నవారు వెళ్లండి. చివరివారు పిల్లాడి వరస కన్నా మూరెడు ఎడమకి ఉంటే వెనకొచ్చే కారు దూరం తీసుకుంటుంది. లింజ్, వియన్నాల్లో ట్రామ్ పట్టాలున్నాయి. వాటిని అడ్డంగా, లంబకోణంలో దాటాలి. ఏటవాలుగా వెళ్తే చక్రం సందులో దిగిపోతుంది. పిల్లాడిని దింపి నడిపించినా నామోషీ లేదు.

వీసా: పస్సావు జర్మనీలో ఉన్నా మీ రాత్రులు ఎక్కువ ఆస్ట్రియాలో కాబట్టి ఆస్ట్రియా షెంగెన్ వీసాకే (యూరప్‌లో చాలా దేశాలకి కలిపి చెల్లే వీసా) దరఖాస్తు చేయాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి ఇవ్వొచ్చు. వేసవికి అపాయింట్‌మెంట్లు దొరకడం కష్టం, జనవరిలోనే పని మొదలుపెట్టండి. కనీసం 30,000 యూరోల వైద్య బీమా ఉండాలి. సైకిల్ ప్రమాదం ఆ పాలసీలో వర్తిస్తుందా అని రాతపూర్వకంగా అడగండి.

మే చివర, జూన్‌లో పెద్ద వానలొస్తే నది పొంగి ఒడ్డు దారి మునుగుతుంది. 2013 జూన్‌లో పస్సావు పాతబస్తీయే మునిగింది. అందుకని ఒకరోజు ఖాళీ పెట్టుకోండి, డబ్బు వెనక్కిచ్చే గదులే బుక్ చేయండి.

ప్రశ్న: నేను మ్యూనిక్‌లో ఉద్యోగం. వేసవిలో అమ్మానాన్న వస్తున్నారు, వాళ్లని డాన్యూబ్ ఒడ్డున సైకిళ్ల మీద తిప్పాలని ఉంది. నాన్నగారికి 64, రాజమండ్రిలో రోజూ సైకిల్ తొక్కుతారు. అమ్మ పదిహేనేళ్లుగా తొక్కలేదు. ఎలక్ట్రిక్ సైకిల్ ఇప్పించనా?
– పాఠకుడు, మ్యూనిక్

జవాబు: నాన్నగారికి అక్కర్లేదు, వారి సంతోషం తొక్కడంలోనే ఉంది. అమ్మగారికి ఇప్పించండి గానీ, ముందు రెండు మూడు రోజులు మామూలు సైకిలు మీద పార్కులో అలవాటు చేయించండి. ఎలక్ట్రిక్ సైకిలు 20 కిలోలకు పైనే ఉంటుంది. ఆగినప్పుడు ఒరిగితే నిలబెట్టడం కష్టం. మధ్య కడ్డీ కిందికి ఉన్న ఫ్రేము తీసుకోండి, మోటారు సహాయం మీట అతి తక్కువలో పెట్టండి. ఎక్కువలో పెట్టి పెడలు మీద కాలు వేయగానే బండి ముందుకి దూకుతుంది. చుడిదార్ వేసుకుంటే చున్నీ కట్టేసుకోవాలి, చైను కవరు, వెనక చక్రానికి బట్టలు చిక్కుకోకుండా జాలీ ఉన్న సైకిలు అడగండి. మెల్క్ నుంచి క్రెమ్స్ దాకా చాలు, అలిసిపోతే ఆ మధ్యలో సైకిళ్లని ఎక్కించుకునే పడవలున్నాయి.

నాన్నగారికి ఒక సంగతి చెప్పండి, ఇష్టపడతారు. అక్కడి అద్దె సైకిళ్లలో కొన్నింటికి ఉండే వాల్వు, మన పాత నల్ల సైకిళ్ల వాల్వు ఒకే జాతివి, ఒకే పంపు సరిపోతుంది.

ప్రశ్న: మేము పూర్తి శాకాహారులం. ఆస్ట్రియా పల్లెల్లో సైకిల్ యాత్రలో తిండికి ఇబ్బందా?
– పాఠకురాలు, తిరుపతి

జవాబు: ఇబ్బంది కాదు గానీ మోసపోయే చోట్లున్నాయి. దోసె ముక్కల్లాంటివి తేలుతూ కనిపించే ఫ్రిటాటెన్‌సుప్పె చూడ్డానికి శాకాహారమే, దాని రసం మాత్రం గొడ్డుమాంసంతో కాచింది. క్నోడెల్ అనే ఉండల్లో చీజ్‌వీ ఉంటాయి, పందిమాంసం ముక్కలవీ ఉంటాయి. "ఓనె ఫ్లైష్, ఓనె ఫిష్, ఓనె ష్పెక్" అని చెప్పండి: మాంసం, చేప, పంది ముక్కలు లేకుండా అని. చీజ్‌తో చేసే కేసెష్పెట్స్‌లె, ఆప్రికాట్ పెట్టిన మరిల్లెన్‌క్నోడెల్ ధైర్యంగా అడగొచ్చు. గుడ్డు కూడా తినకపోతే ఈ రెండింటికీ విడిగా అడగాలి, పిండిలో కలుపుతారు.

ఆదివారం దుకాణాలు మూసేస్తారు. శనివారం సాయంత్రం ఆరు లోపే రొట్టె, పెరుగు, పళ్లు కొనుక్కోండి. పల్లీ చిక్కీ, అటుకుల పొడి, ఆవకాయ చిన్న డబ్బా తీసుకెళ్లండి. పాలు, పెరుగు, నెయ్యి మాత్రం యూరప్‌లోకి తీసుకెళ్లనివ్వరు కాబట్టి నేతి అరిసెలు, పాలకోవా ఇంట్లోనే వదిలేయండి. డబ్బాని రెండు జిప్ కవర్లలో పెట్టి చెకిన్ సామానులో వేయండి, నూనె కారితే సైకిల్ బట్టలకి అంటిన మరక పోదు.